తీపి ఉల్లిగడ్డలు మురగక ముందే వాడుకోవడం ఎలా

దసరా దాటి చలి మొదలయ్యే రోజుల్లో వరంగల్, హనుమకొండ వీధుల్లోకి కొత్త ఉల్లిగడ్డలు ఆటోలెక్కి, మైకుల్లో ధర చెప్పుకొంటూ వస్తాయి. వానాకాలం పంటగా వచ్చే ఈ గడ్డ చూడడానికి నిండుగా ఉంటుంది. పొట్టు పలుచగా ఉంటుంది, కోస్తే కత్తి వెంట నీరు కారుతుంది, పచ్చిగా కొరికితే ఘాటు కంటే తీపే ముందు తెలుస్తుంది. ధర తగ్గింది కదా అని ఒకేసారి పది కిలోలు తీసుకొన్నవారికి మాత్రం రెండో వారంలో అసలు లెక్క తెలుస్తుంది. యాసంగిలో పండి ఏప్రిల్, మే నెలల్లో తవ్విన గడ్డ సరిగ్గా ఆరబెడితే నాలుగైదు నెలలు నిలుస్తుంది. ఈ కొత్త గడ్డకు అంత ఓపిక లేదు.

ఒక ఏడు నేను ప్లాస్టిక్ వలసంచి ముడి కూడా విప్పకుండా, వంటింటి అరుగు కింద ఆలుగడ్డల పక్కన పెట్టి ఊరికి వెళ్లాను. తొమ్మిదో రోజు వచ్చి తలుపు తీసేసరికి సంచి అడుగు నుంచి గోధుమరంగు రసం కారి గచ్చు మీద మరక కట్టి ఉంది. పైనున్న గడ్డలు బాగానే కనిపించాయి గాని, ఒకదాన్ని చేతిలోకి తీసుకొని మెడ దగ్గర నొక్కితే బొటనవేలు లోపలికి దిగబడింది. సగానికి సగం పారేయవలసి వచ్చింది. అప్పటి నుంచి ఈ గడ్డలు ఇంటికి వచ్చిన రోజే వాటి వరుస నిర్ణయిస్తున్నాను: పచ్చిగా తినే వంటలు ముందు, గడ్డలోని నీటినే వాడుకొనే పిండివంటలు తరువాత, మిగిలినదంతా ఒకే పూట ఎర్రగా వేయించి దాచుకోవడం చివర. కింద చెప్పిన పద్ధతులన్నీ ఈ వరుసలోనే ఉన్నాయి.

తీపి ఎక్కడి నుంచి వస్తుందో ముందు తెలుసుకోండి

తీపి ఉల్లిగడ్డలో చక్కెర ఎక్కువగా ఉంటుందని చాలామంది అనుకొంటారు. నిజానికి ఘాటైన గడ్డలోనూ దాదాపు అంతే చక్కెర ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువే ఉంటుంది; ఘాటు కమ్మేయడం వల్ల అది నాలుకకు తెలియదు. ఉల్లిగడ్డ నేలలోని గంధకాన్ని పీల్చుకొని ప్రత్యేకమైన పదార్థాలుగా దాచుకొంటుంది. కత్తి పడి కణాలు చిట్లగానే, అప్పటిదాకా వేరుగా ఉన్న ఒక ఎంజైమ్ వాటిని కలుసుకొని ఘాటును, కళ్లను మండించే ఆవిరిని పుట్టిస్తుంది. నేలలో గంధకం తక్కువగా ఉండి, గడ్డలో నీరు ఎక్కువగా ఉంటే ఆ ఘాటు తగ్గి తీపి పైకి వస్తుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పండే విడాలియా ఉల్లిగడ్డకు పేరు వచ్చింది అక్కడి నేలలో గంధకం తక్కువ కావడం వల్లనే. నిర్ణీత ప్రాంతంలో పండినదానికే ఆ పేరు చెల్లేలా ఆ రాష్ట్రం 1986లో చట్టం కూడా చేసింది. మన దేశంలో మహారాష్ట్రలోని అలీబాగ్ తెల్ల ఉల్లిగడ్డ ఇలాంటి తీపికే ప్రసిద్ధి. మన లక్ష్మీపురం మార్కెట్‌లోనో, కుమార్‌పల్లి మార్కెట్‌లోనో ఈ పేర్లు వినపడవు. ఇక్కడ తీపి గడ్డ అంటే నీరు ఎక్కువగా ఉన్న కొత్త ఎర్రగడ్డ, లేదా అప్పుడప్పుడు వచ్చే తెల్లగడ్డ అని అర్థం చేసుకోవాలి.

ఈ సంగతి వంటకు రెండు విధాలుగా పనికివస్తుంది. ఘాటును పుట్టించే ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది కాబట్టి, బాగా ఉడికిన తరువాత ఘాటు గడ్డ, తీపి గడ్డ ఇంచుమించు ఒకే రుచికి వస్తాయి. అంటే తీపి గడ్డ గొప్పతనమంతా పచ్చిగా తిన్నప్పుడే. దాన్ని మటన్ కూరలో ఉడకబెట్టి కరిగించడం మంచి మామిడిపండును పులుసులో వేయడం వంటిది. రెండవది, గంధకపు పదార్థాలు తక్కువై నీరు ఎక్కువైన గడ్డ త్వరగా మురుగుతుంది కాబట్టి, దాచుకొనే ఉపాయం కంటే వాడుకొనే ఉపాయమే ముఖ్యం.

ఇంటికి తెచ్చిన రోజే ఏరి పెట్టండి

సంచిని వెంటనే విప్పి, గడ్డలన్నింటినీ గోనె సంచి మీద గాని పాత పేపర్ల మీద గాని ఒకే వరుసగా పరచండి. ఒక్కొక్క గడ్డనూ మెడ దగ్గర, అంటే కాడ ఎండిన చోట, బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా, పొడిగా ఉన్నవి ఒక కుప్ప. మెడ మెత్తబడినవి, మొలక తొంగిచూస్తున్నవి, తవ్వేటప్పుడు పార తగిలి గాటుపడినవి రెండో కుప్ప. వీటిని మూడు రోజుల్లోపే వాడేయాలి. పైపొర మీద నల్లటి మసి వంటి బూజు ఉంటే ఆ పొరతో పాటు మరో పొర తీసి, లోపల గట్టిగా ఉంటే కడిగి వాడవచ్చు. లోపలి పొరల దాకా నలుపు దిగినా, పుల్లటి వాసన వచ్చినా దాన్ని మొత్తంగా తీసివేయండి, ఎందుకంటే మురిగిన ఒక్క గడ్డ పక్కనున్న నాలుగింటిని తడిపి తనతో తీసుకుపోతుంది.

గట్టి గడ్డలను వెదురు గంపలో రెండు వరుసలకు మించకుండా, గాలి ఆడే నీడ చోట పెట్టండి. పాత ఇళ్లలో దూలానికి వేలాడే ఉట్టి ఈ పనికి చక్కగా సరిపోయేది, ఎందుకంటే అన్ని వైపుల నుంచి గాలి తగులుతుంది, కింద తేమ అంటదు. ఉట్టి లేనివారు వలసంచిలో ఒక గడ్డ వేసి సుతిలితో ముడి, మళ్లీ గడ్డ వేసి ముడి వేస్తూ దండలా వేలాడదీయవచ్చు. ఆలుగడ్డలను ఆ దరిదాపుల్లో ఉంచకండి; వాటి తేమకు ఉల్లిగడ్డ త్వరగా చెడుతుంది. పొట్టు తీయని గడ్డలను ఫ్రిజ్‌లో పెట్టమని ఘాటు గడ్డల విషయంలో నేను చెప్పను గాని, ఈ నీటి గడ్డ పదో పన్నెండో మిగిలితే ఒక్కొక్కదాన్ని పొడి పేపర్‌లో చుట్టి కూరగాయల అరలో పెట్టుకోవడం మేలు.

ముందుగా పచ్చి పులుసు

తీపి గడ్డకు మన ప్రాంతంలో పచ్చి పులుసును మించిన చోటు లేదు. నలుగురికి సరిపడా చేయడానికి చిన్న నిమ్మకాయంత చింతపండును గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, పిసికి, పిప్పి తీసి, సుమారు నాలుగు గ్లాసుల పలుచని రసం చేసుకోండి. నాలుగు పచ్చిమిరపకాయలను పొయ్యి మంట మీద పొట్టు అక్కడక్కడ నల్లబడేదాకా కాల్చండి. మూడు మధ్యస్థపు ఉల్లిగడ్డలను సన్నగా తరగండి. వేరు ఉన్న కొసను చివరి వరకు కోయకుండా ఉంచితే కళ్లకు శ్రమ తగ్గుతుంది, తీపి గడ్డకు అదీ పెద్దగా అవసరం పడదు.

ఇప్పుడు వెడల్పు గిన్నెలో ఉల్లిగడ్డ ముక్కలు, కాల్చిన మిరపకాయలు, చెంచాడు ఉప్పు, కొంచెం జీలకర్ర, గుప్పెడు కొత్తిమీర వేసి చేత్తో పిసకాలి. ఇక్కడే చేయి తెలిసి నడవాలి. ఘాటు గడ్డను పిడికిలి బిగించి నలపాలి, అప్పుడే దాని కోపం ఉప్పులోకి దిగుతుంది. తీపి గడ్డను అలా నలిపితే మెత్తబడి గుజ్జవుతుంది. మిరపకాయను మాత్రమే గట్టిగా చిదిమి, ఉల్లిగడ్డను వేళ్ల కొసలతో నాలుగైదు సార్లు కలియబెడితే చాలు, ముక్క పంటికింద కరకరమంటూ నిలుస్తుంది. ఆ మీద చింతపండు రసం పోసి, ఉప్పు చూసి, వేయించి దంచిన నువ్వుల పొడి ఒక చెంచా కలపండి. ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, కరివేపాకుతో పోపు పెట్టండి. పచ్చి పులుసులో బెల్లం ముక్క వేయడం చాలా ఇళ్లలో అలవాటే గాని, ఈ గడ్డ ఉన్నన్ని రోజులు బెల్లం డబ్బా మూత తీయవలసిన పని లేదు. చేసిన తరువాత పది నిమిషాలు ఆగి ముద్దపప్పు, అన్నంతో వడ్డించండి; రాత్రికి మిగిల్చితే ముక్కలు వాడిపోయి పులుసు చప్పబడుతుంది.

ఆ వారమంతా జొన్నరొట్టె పక్కన, మక్క గట్క పక్కన ఒక గడ్డ పెట్టండి. చక్రాలుగా తరిగి నిమ్మరసం, ఉప్పు, చిటికెడు కారం చల్లితే చాలు. ఇలాంటి ముక్కలనే గాజు సీసాలో నిమ్మరసం మునిగేలా పోసి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగైదు రోజులు ఉంటాయి, మరునాటికి అందమైన గులాబీ రంగుకు మారుతాయి. పెరుగు పచ్చడికి కోసేటప్పుడు ఘాటు గడ్డను నీళ్లలో కడగడం అలవాటు ఉన్నవారు దీన్ని కడగకండి. ఉన్న కొద్ది రుచీ నీళ్లపాలవుతుంది.

గడ్డలోని నీటితోనే పిండి కలపండి

రెండో కుప్పలోని మెత్తబడిన గడ్డలు పచ్చిగా బాగుండవు, పిండివంటలకు మాత్రం బ్రహ్మాండంగా పనికివస్తాయి. ఉల్లిగడ్డ బరువులో పది వంతులకు దాదాపు తొమ్మిది వంతులు నీరే. ఆ నీటిని లెక్కలో వేసుకోకపోవడం వల్లనే పకోడీలు మెత్తబడతాయి, సర్వపిండి చిరుగుతుంది.

పకోడీలకు నిలువుగా, సన్నగా తరిగిన అర కిలో ఉల్లిగడ్డకు చెంచాడు ఉప్పు పట్టించి పావుగంట వదిలేయండి. గిన్నె వంచి చూస్తే అడుగున రెండు, మూడు చెంచాల నీరు చేరి ఉంటుంది. దాన్ని పారబోయకండి. అందులోనే కారం, పచ్చిమిర్చి ముక్కలు, కరివేపాకు, వాము వేసి, మూడు వంతుల శనగపిండికి ఒక వంతు బియ్యప్పిండి చొప్పున గుప్పెడు గుప్పెడుగా చల్లుతూ కలపండి. ముక్కలకు పిండి అంటుకోవాలే గాని ముక్కలు పిండిలో మునగకూడదు. పైనుంచి ఒక్క చుక్క నీరు కూడా పోయకూడదు. మధ్యస్థపు మంట మీద వేయించాలి, ఎందుకంటే తీపి గడ్డ పెద్ద మంట మీద లోపల ఉడకకముందే అంచులు మాడి చేదెక్కుతుంది.

సర్వపిండికి మరికొంత శ్రద్ధ కావాలి. సర్వ అనే గిన్నెలో అద్ది కాలుస్తారు కాబట్టి మన వైపు దానికి ఆ పేరు. కొన్ని చోట్ల గిన్నెప్ప అని, తపాలచెక్క అని అంటారు. మూడు గ్లాసుల బియ్యప్పిండికి గంటసేపు నానిన గుప్పెడు శనగపప్పు, వేయించి పలుకులుగా దంచిన గుప్పెడు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, చెంచా జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన ఎల్లిగడ్డ ఎనిమిది రెబ్బలు, కారం, ఉప్పు, కరివేపాకు సిద్ధం చేసుకోండి. ఉల్లిగడ్డలు మామూలుగా రెండు వేస్తే, ఇక్కడ నాలుగు వేయవచ్చు, కాని వాటిని చాలా సన్నగా తరగాలి. ముందు పొడి పిండిలో ఇవన్నీ వేసి, ఉల్లిగడ్డ రసం పిండికి ఎక్కేలా రెండు నిమిషాలు చేత్తో రాయండి; పిండి తడి ఇసుకలా మారుతుంది. ఆ తరువాతే గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ కలపండి. మామూలుగా పోసే నీటిలో మూడో వంతు తక్కువే పడుతుంది. ముద్ద జొన్నరొట్టె పిండి కంటే కాస్త మెత్తగా ఉంటే చాలు.

గిన్నెకు లోపల నూనె రాసి, నారింజపండంత ముద్దను అడుగున పెట్టి, తడిచేత్తో అంచుల దాకా పలుచగా అద్దండి. వేలితో ఏడెనిమిది చోట్ల రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో అర చెంచా నూనె పోసి, మూత పెట్టి చిన్న మంట మీద పది, పన్నెండు నిమిషాలు కాల్చండి. తిప్పవలసిన పని లేదు. చుట్టూ అంచు గిన్నెను వదిలి కొద్దిగా పైకి లేచినప్పుడు, వేగిన నువ్వుల వాసన వచ్చినప్పుడు అయినట్టే. రెండో వాయి అద్దే ముందు గిన్నెను బోర్లించి అడుగు మీద నీళ్లు పోసి చల్లార్చాలి. వేడి గిన్నెకు పిండి అంటదు, వేళ్లు కాలుతాయి. ఆ చుయ్‌మనే చప్పుడు వినగానే పిల్లలు మొదటి వాయి దగ్గర చేరతారు కాబట్టి, లెక్క పెట్టి కాల్చేవారు ఒకటి ఎక్కువే వేసుకోవాలి.

తొక్కు నూరేటప్పుడు మిరపకాయ మార్చండి

ఉల్లిగడ్డ తొక్కుకు అర కిలో గడ్డలను పెద్ద ముక్కలుగా కోసి, రెండు గంటెల నూనెలో అంచులు ఎరుపెక్కేదాకా వేయించి, నీరంతా ఇగిరాక దించాలి. అదే మూకుడులో పది ఎండుమిరపకాయలు, చెంచా ధనియాలు, అర చెంచా మెంతులు వేరుగా వేయించి, ఉసిరికాయంత చింతపండు, ఆరు ఎల్లిగడ్డ రెబ్బలు, ఉప్పుతో ముందు రోట్లో నూరి, ఉల్లిగడ్డలను చివర్లో వేసి నాలుగు పోట్లు వేస్తే చాలు.

ఇక్కడ మన ప్రాంతపు వారికి ఒక హెచ్చరిక చెప్పాలి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి రంగుకు పెట్టింది పేరు, కాని కారం తక్కువ. తీపి ఉల్లిగడ్డ, చపాటా మిర్చి రెండూ సాధువులే; రెండింటినీ ఒకే రోట్లో వేస్తే చూపులకు ఎర్రగా నిగనిగలాడే తొక్కు నోట్లో పెట్టుకొంటే జామ్ తిన్నట్టు ఉంటుంది. నాలుగు చపాటా కాయలకు ఆరు తేజ కాయలు కలిపితే రంగు, కారం రెండూ నిలుస్తాయి. చింతపండు కూడా మామూలు కంటే ఒక పట్టు ఎక్కువ వేయండి. ఈ తొక్కును తడిలేని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి ఐదు రోజుల్లో తినేయాలి. మామిడికాయ తొక్కులా ఏడాది ఉంటుందని బయట పెట్టకండి.

మిగిలినదంతా ఒకే పూట వేయించండి

పన్నెండో రోజు నాటికి ఇంకా రెండు, మూడు కిలోలు మిగిలి ఉంటే, ఒక ఆదివారం పొద్దున దీనికి కేటాయించండి. రెండు కిలోల గడ్డలను పొట్టు తీసి అడ్డంగా, సమానమైన మందంతో తరగండి. నిలువుగా కోసిన ముక్క ఎంత వేగినా రూపు నిలుపుకొంటుంది, అడ్డంగా కోసినది త్వరగా కరుగుతుంది. మనకు ఇక్కడ కావలసింది కరగడమే. అడుగు మందంగా ఉన్న వెడల్పు మూకుడులో చిన్న గ్లాసుడు నూనె వేడిచేసి, ముక్కలు, చెంచాడు ఉప్పు వేసి, మూత పెట్టి మధ్యస్థపు మంట మీద ఇరవై నిమిషాలు మగ్గనివ్వండి. మూత తీసి చూస్తే ముక్కలు తమ నీటిలోనే ఈదుతుంటాయి. తీపి గడ్డకు ఈ నీరు ఎక్కువ కాబట్టి కంగారుపడి మంట పెంచవద్దు. మూత లేకుండా, ఐదు నిమిషాలకోసారి అడుగు నుంచి గీకుతూ కలియబెడుతుంటే మరో పావుగంటకు నీరు ఇగిరి బంగారు రంగు వస్తుంది. ఆ తరువాత మంట తగ్గించి, దగ్గరే నిలబడి, రెండు నిమిషాలకోసారి కలపాలి. అడుగు అంటినప్పుడల్లా రెండు చెంచాల నీళ్లు చిలకరించి గీకితే ఆ రంగంతా ముద్దలోకి చేరుతుంది. మొత్తం గంటకు పైనే పడుతుంది. త్వరగా రంగు రావాలని చిటికెడు సోడా వేసేవారు ఉన్నారు. రంగు నిజంగానే తొందరగా వస్తుంది, కాని ముక్క జిగురుగా మారి సబ్బు వాసన తగులుతుంది, అందుకే నేను వేయను.

రెండు కిలోలు వేస్తే చివరికి చేతికి వచ్చేది అర కిలో చుట్టూ ఉంటుంది. చల్లారాక ఐస్ ట్రేలో నింపి గడ్డకట్టించి, ముక్కలను డబ్బాలోకి మార్చి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు వాడుకోవచ్చు. ఫ్రీజర్ లేనివారు ఫ్రిజ్‌లో ఉంచి నాలుగు రోజుల్లో ముగించాలి. రెండు ముక్కలు వేస్తే కోడిగుడ్డు పులుసుకు, నాలుగు వేస్తే కిలో చికెన్‌కు సరిపోతాయి. బగారా అన్నం మీద చల్లడానికి కరకరలాడే ఉల్లిగడ్డ కావాలంటే మాత్రం ఈ గడ్డను నమ్ముకోకండి. తేమ వల్ల వేగడానికి రెట్టింపు సమయం, రెట్టింపు నూనె పడుతుంది, దించిన అరగంటకే మెత్తబడుతుంది. ఆ పనికి పాత గట్టి గడ్డ కొనడమే చవక. ఎండబెట్టి దాచుకోవడం గురించీ ఇదే మాట. ఎండు ఉల్లి తయారీకి పేరున్న గుజరాత్‌లోని మహువా ప్రాంతంలో నీరు తక్కువ, ఘాటు ఎక్కువ ఉన్న తెల్లగడ్డలనే వాడతారు. తీపి గడ్డను మన మేడ మీద పరిస్తే మిగిలేది పలుచని పొరలే, రుచి కూడా అంతంత మాత్రమే.

చివరికి మిగిలినవి

మొలకెత్తిన గడ్డను పారేయవద్దు. మొలక పొడవైతే గడ్డను కుండీలో సగం దాకా మట్టిలో పాతి, రెండు రోజులకోసారి నీళ్లు పోస్తే రెండు, మూడు వారాల్లో కోసుకోవడానికి ఉల్లాకు వస్తుంది. కోడిగుడ్డు పొరటులో గాని, తరువాతి సర్వపిండిలో గాని వేసుకోవచ్చు. సగం కోసి మిగిల్చిన గడ్డను మూత బిగుతైన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మూడు రోజుల్లోపు ఉడికే వంటలోనే వాడండి.

మురిగిన గడ్డలను, పొట్టును ఎరువు గుంటలో వేయండి. ఇంటి ముందుకు వచ్చే బర్రెకో, ఆవుకో, కుక్కకో పెట్టడం మంచిపనిగా తోస్తుంది గాని, ఉల్లిగడ్డలోని పదార్థాలు వాటి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కుక్కకు కొద్దిపాటి మోతాదు కూడా ప్రమాదం, పశువులు గంపెడు తింటే పడిపోతాయి. సంచి విప్పి కుప్పగా వాకిట్లో వదిలేయకుండా, గుంటలో వేసి పైన మట్టి కప్పండి.